ల్యాబ్‌లో పుట్టిన వరి నిజంగా పొలం దాకా వస్తుందా? మా మడిలో జరిగింది చెబుతాను

మీరు అడిగింది ఇదీ: "హైదరాబాద్ శాస్త్రవేత్తలు జన్యు సవరణతో 'కమల' అనే వరి తయారుచేశారని, దిగుబడి 19 శాతం ఎక్కువని, 20 రోజుల ముందే కోతకు వస్తుందని 2025 మేలో చదివాను. ఇలాంటి వార్తలు ఏటా వస్తుంటాయి. వీటిలో రైతు చేతికి నిజంగా వచ్చేవి ఉన్నాయా? ఎవరికైనా అనుభవం ఉందా?"

ఉంది. మాకు ఒకటి వచ్చింది. కాకపోతే అది విడుదలైన ఆరేళ్లకు మా మడిలో దిగింది. మధ్యలో ఒక ఏడాది మోసపోయాం కూడా.

మాది బాపట్ల దగ్గర పల్లె. కొమ్మమూరు కాలువ కింద మాగాణి. సొంతం ఎకరంన్నర, కౌలుకు ఇంకో రెండున్నర. మా నాన్నకు వరి అంటే బీపీటీయే. బీపీటీ 5204 అంటే మీరు తినే సాంబ మసూరి. బాపట్ల పరిశోధన కేంద్రంలోనే పుట్టి 1986లో విడుదలైంది. బీపీటీ అన్న మూడక్షరాలూ బాపట్లవే. అన్నం అంత బాగుండబట్టే నలభై ఏళ్లుగా జనం వదలడం లేదు. పొలంలో మాత్రం అది సుకుమారి. గాలికి పడిపోతుంది, సుడిదోమ పురుగుకు లొంగుతుంది, అగ్గితెగులుకు లొంగుతుంది, ఎండాకు తెగులుకైతే మరీ లొంగుతుంది.

2012లో నీలం తుఫాను వచ్చింది గుర్తుందా? అక్టోబరు ఆఖరున మహాబలిపురం దగ్గర తీరం దాటింది గానీ వానలు మన కోస్తాను ముంచాయి. కాలువ నీళ్లు ఆలస్యమై ఊడ్పులు వెనకబడటంతో మా చేను అప్పుడే ఈనుతోంది. వాన తెరిపిచ్చిన వారానికి ఆకుల కొసలు ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. కొస నుంచి అంచుల వెంబడి కిందికి, అలల్లాగా వంకరటింకరగా. పొద్దున్నే వెళ్తే ఆకు అంచున తేనెరంగు చుక్కలు, ఎండెక్కేసరికి అవే ఆవగింజల్లా గట్టిపడేవి. నాన్న యూరియా లోపమనుకుని ఇంకో అరబస్తా చల్లాడు. అది నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టే అయింది.

మండల వ్యవసాయాధికారి, అదే ఏవో గారు వచ్చి చేసిన పని నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పచ్చదనం, పసుపు కలిసే చోట ఆకును కత్తెరతో ముక్క కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లలో నిలబెట్టారు. రెండు మూడు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత కోసిన అంచు నుంచి పలచటి పాల దారంలాంటిది నీళ్లలోకి జారింది. "ఇది ఎండాకు తెగులు బ్యాక్టీరియా. దీనికి మందు కొట్టి డబ్బులు పోగొట్టుకోకండి, నీళ్లు తీసేయండి, యూరియా ఆపండి" అన్నారు. మేం వినలేదు. ప్లాంటోమైసిన్, కాపర్ మందు కలిపి రెండుసార్లు కొట్టాం. ఎకరానికి ముప్పై బస్తాలు రావలసిన చోట పదిహేడొచ్చాయి. అందులోంచే కౌలు కొలిచి ఇచ్చాం.

ఈ తెగులును తట్టుకునే సాంబ మసూరి ఒకటి ఉందని మొదట చెప్పింది కూడా ఆ ఏవో గారే. పేరు ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, అధికారిక పేరు ఆర్‌పీ బయో 226. అప్పటికే విడుదలై నాలుగేళ్లు. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి చేశాయి. వరి సంస్థను అప్పట్లో డీఆర్‌ఆర్ అనేవాళ్లు, ఇప్పుడు ఐఐఆర్‌ఆర్.

దీన్ని ఎలా చేశారో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు చదివిన కమలకూ దీనికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆఫ్రికాలో మాలీ దేశం నుంచి వచ్చిన ఒక అడవి వరిలో ఈ బ్యాక్టీరియాను ఆపే జన్యువు దొరికింది. దాని పేరు ఎక్స్‌ఏ21. 1995లో అమెరికాలో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చూపించింది. దానితోపాటు ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 అని ఇంకో రెండున్నాయి. ఒక్క తాళమైతే తెగులు ఎప్పుడో ఒకప్పుడు తీసేస్తుంది కాబట్టి మూడూ కలిపి వేశారు. సీసీఎంబీ వైపు నుంచి రమేశ్ సొంటి, వరి సంస్థ వైపు నుంచి ఆర్.ఎం. సుందరం, ఇంకా ఎంతోమంది ఏళ్ల తరబడి చేసిన పని ఇది.

చేసింది మామూలు సంకరణమే. మూడు జన్యువులున్న మొక్కను సాంబ మసూరితో కలిపి, వచ్చిన పిల్లను మళ్లీ సాంబ మసూరితోనే కలిపి, అలా నాలుగు తరాలు వెనక్కి కలుపుకుంటూ పోయారు. దాంతో తెగులును తట్టుకునే గుణం నిలిచింది, మిగతా మొక్క దాదాపు మొత్తం సాంబ మసూరిగానే మిగిలింది. కొత్తదనమంతా ఏరుకోవడంలో ఉంది. ఆ మూడింటిలో రెండు జన్యువులు రెండు వైపుల నుంచీ వస్తేనే పనిచేస్తాయి, ఒక్కటే ఉంటే మొక్కను చూసి కనిపెట్టలేం. అందుకని ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీసి, గుర్తులు చూసి ఏ మొక్కను ఉంచాలో ఏది పీకేయాలో తేల్చేవారు. ఇది ల్యాబ్‌లో జన్యువును చొప్పించిన జన్యుమార్పిడి పంట కాదు. మా ఊళ్లో చాలామంది "బీటీ పత్తి లాంటిదా?" అని అడిగారు. కాదు. 2008లో విడుదల చేశారు.

ఇప్పుడు మోసం సంగతి. 2013లో ఒక విత్తనాల దుకాణంలో అడిగితే "ఉంది, ఇంప్రూవ్డే" అని రెండు బస్తాలు అంటగట్టారు. మామూలు దానికన్నా ధర ఎక్కువే పుచ్చుకున్నారు. చేను బాగానే లేచింది. అక్టోబరులో గాలివాన పడ్డాక మళ్లీ అవే అలల అంచులు. నేను ఇంట్లోంచి గాజు గ్లాసు తీసుకెళ్లి గట్టు మీద కూర్చుని ఆకు ముక్క ముంచాను. దారం జారింది. దుకాణానికి వెళ్తే "మీ నేల గుణమండీ" అన్నారు. బిల్లు తీసి చూస్తే అందులో "బీపీటీ" అని మాత్రమే రాసుంది. ఆర్‌పీ బయో 226 అన్న మాటే లేదు. తప్పు మాదే, రాయించుకోలేదు.

ఆ మరుసటి ఏడాది, రాష్ట్రం విడిపోయిన నెలలోనే, రాత్రి రైలెక్కి హైదరాబాద్ దిగి, ఆరాంఘర్ దగ్గర బస్సు దిగి రాజేంద్రనగర్ వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను "ఇంటర్వ్యూకా?" అని అడిగాడు. చంకలో గోనెసంచి చూసి నవ్వి లోపలికి పంపాడు. అక్కడ ఒకాయన అరగంట కూర్చోబెట్టి, పోయిన ఏటి పంట ఫోటోలు ఫోన్లో చూసి, నాలుగు కిలోల విత్తనం ఇప్పించారు. నాలుగు కిలోలేనా అని మొహం వాడింది. ఆయన అన్న మాట: "వరి తనలో తనే ఫలదీకరణ చెందుతుంది బాబూ, జాగ్రత్తగా పెంచుకుంటే వచ్చే ఏడాది మీ ఊరికి మీరే విత్తనాల కొట్టు."

నాలుగు కిలోలను పలచగా నారు పోసి, కుదురుకు ఒక్కో మొక్క చొప్పున నలభై సెంట్లలో ఊడ్చాం. కూలీలు నవ్వారు. నాన్న అయితే గట్టు మీద నిలబడి "ఇది వరి మడా, పూలతోటా?" అన్నాడు. పక్కనే మామూలు బీపీటీ ఉండటం మా అదృష్టం. ఆ ఏడు తెగులు వచ్చినప్పుడు ఒకే గట్టుకు ఇటు ఆకు కొసలు పచ్చగా, అటు ఎండుగడ్డి. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది, వచ్చిన ప్రతివాడూ అడిగి విత్తనం రాయించుకుని వెళ్లాడు. వారం రోజులు ముందే కోతకు కూడా వచ్చింది. పట్నంలో ఉన్నవాళ్లకు వారం అంటే ఏమంత అనిపించకపోవచ్చు. మాకు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలోనే మినుము చల్లుతాం, ఆ పదునులో అది మొలవాలి. వరి ఆలస్యమైతే మినుము దెబ్బతింటుంది, మాకు చేతిలో డబ్బు ఆడేది మినుముతోనే.

అంతా బాగుందని చెప్పడం లేదు. 2016లో మెడవిరుపు వచ్చింది, అంటే వెన్ను మెడ దగ్గర నల్లబడి విరిగే అగ్గితెగులు. ఇంప్రూవ్డ్ అంటే అన్నిటికీ ఇంప్రూవ్డే అనుకుని మేం అగ్గితెగులు మందు ట్రైసైక్లజోల్ కొట్టడం మానేశాం. మూడు జన్యువులూ ఎండాకు తెగులుకే, అగ్గితెగులుకు వాటితో సంబంధం లేదని ఆ నష్టంతో తెలిసింది. ఎకరానికి ఏడెనిమిది బస్తాలు పోయాయి.

ఇదే బియ్యం గురించి ఇంకో వార్త మీరూ చూసే ఉంటారు: "షుగర్ ఉన్నవాళ్లకు మంచి బియ్యం" అని. అది అబద్ధం కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షిస్తే దీని గ్లైసెమిక్ ఇండెక్స్ దాదాపు 51 వచ్చింది. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. అంటే 50 గ్రాముల పిండిపదార్థం అందేంత అన్నం పెట్టి, రెండు గంటలపాటు రక్తంలో చక్కెర ఎంత ఎక్కిందో చూసి, గ్లూకోజ్‌తో పోల్చి వేసే అంకె. శాస్త్రవేత్తలు వెతికింది తెగులుకు మందు, ఈ గుణం తర్వాత పరీక్షలో బయటపడింది. మా అమ్మకు షుగరు. ఈ వార్త పేపర్లో చదివి వినిపించింది నేనే. మూడు రోజుల తర్వాత ఇంట్లో మిషన్‌తో చూస్తే భోజనం తర్వాత రీడింగ్ మామూలు కంటే ఎక్కువొచ్చింది. ఆరా తీస్తే, "మంచి బియ్యమేగా" అని ఆవిడ మారు అన్నం వడ్డించుకుంటోంది. అన్నం చక్కెరగా మారే వేగం తగ్గుతుంది గానీ ఎక్కువ తింటే ఎక్కువ చక్కెరే. ఇప్పుడు ఒక గిన్నె కొలతగా పెట్టుకుంది. అదీ తన డాక్టరు చెప్పాకే, నేను చెబితే వినలేదు.

ఇక కమల సంగతి. దీని అసలు పేరు డీఆర్‌ఆర్ ధాన్ 100. చేసింది అదే రాజేంద్రనగర్ సంస్థ, అదీ మళ్లీ సాంబ మసూరిలోనే. దీంతోపాటు ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 మన ఎంటీయూ 1010ని సవరించి చేసింది. అది కూడా మార్టేరులో పుట్టిన వరే, మనవాళ్లు కాటన్ దొర సన్నాలు అంటారు. దేశం మొదటి రెండు జన్యు సవరణ వరులకూ పుట్టిల్లు మన బాపట్ల, మార్టేరు అని ఒక్క పేపరూ పెద్దక్షరాల్లో వేయలేదు, నాకు కాస్త మంటగానే ఉంది.

ఇందులో అడవి వరిని తెచ్చి కలపలేదు. మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోను ఉంటుంది, వెన్నులో గింజల సంఖ్య దాని మీద ఆధారపడుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒక జన్యువు నుంచి వస్తుంది. ఆ జన్యువును క్రిస్పర్‌తో, అంటే డీఎన్ఏను కోరిన చోట కోసే పరికరంతో, అక్కడికక్కడే పనిచేయకుండా చేశారు. హార్మోను నిలిచింది, గింజలు పెరిగాయి. బయటి జన్యువు మొక్కలో మిగలదు కాబట్టి, 2022 మార్చిలో కేంద్రం ఇలాంటి వాటిని జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి తప్పించింది. మీరు చదివిన 19 శాతం, 20 రోజులు సంస్థ తన పరీక్షల్లో వచ్చాయని ప్రకటించిన అంకెలు. పరీక్షల మడి వేరు, కాలువ చివర ఉన్న మా మడి వేరు. నేనైతే అందులో సగం వచ్చినా సంతోషిస్తాను. 20 రోజులు నిజంగా కలిసొస్తే మినుముకు పండగే.

విత్తనం విషయంలో మాత్రం తొందరపడకండి. ప్రకటన అయ్యాక ప్రజనక విత్తనం, ఫౌండేషన్, సర్టిఫైడ్ అని మెట్లుంటాయి, ఒక్కో మెట్టుకు ఒక్కో పంట. పైగా క్రిస్పర్ పరికరం మీద విదేశాల్లో పేటెంట్లున్నాయి, ఆ లెక్క కూడా తేలాలి. ఈలోగా ఎవరైనా "కమల ఉంది" అని బస్తా చూపిస్తే బిల్లు మీద పూర్తి పేరు, లాట్ నంబరు రాయించుకోండి. రాయను అంటే ఆ బస్తా ముట్టుకోకండి.

నేను మళ్లీ రాజేంద్రనగర్ వెళ్తే అడిగే మొదటి ప్రశ్న దిగుబడి గురించి కాదు. కమలను చేసింది మామూలు సాంబ మసూరిని సవరించి. మా మడిలో ఉన్న మూడు తాళాల ఇంప్రూవ్డ్ రకాన్ని కాదు. అలాంటప్పుడు గింజలు ఎన్ని పెరిగినా, అక్టోబరు గాలివాన తర్వాత ఎండాకు తెగులుకు అది పాత బీపీటీలాగే లొంగుతుందని నా అనుమానం. ఈ రెండు గుణాలూ ఒకే మొక్కలో ఎప్పుడిస్తారని అడుగుతాను. ఇచ్చేదాకా కమల విత్తనం దొరికినా నేను వేసేది నలభై సెంట్లే. గాజు గ్లాసు ఇంట్లోనే ఉంది.