చపలం – పారదం – పాదరసం

సందేహం: రసాయనశాస్త్రం చెబుతాను. పాదరసం తన ఎలక్ట్రాన్లను అంత తేలిగ్గా వదలదని తరగతిలో చెబుతాను. బయటేమో నిలకడ లేనివాణ్ని 'పాదరసం లాంటి మనిషి' అంటారు. ఈ పోలిక పొసగుతుందా? పాదరసానికీ పాదానికీ సంబంధం ఉందా? – ఒక ఉపాధ్యాయుడు

సమాధానం: పాదంతో సంబంధం ఉన్నట్టు తోచదు. సంస్కృతంలో ఇది పారదం. దానికి రసం చేరి, జనం నోట నలిగి పాదరసం అయిందనుకోవడమే సబబు. కన్నడ, తమిళాల్లోనూ ఇదే రూపం వాడుకలో ఉంది.

మీ మొదటి ప్రశ్నకు మాత్రం అమరసింహుణ్ని పిలవక తప్పదు. ఆయన సంస్కృత పర్యాయపద నిఘంటువు అమరకోశం ద్వితీయకాండ, వైశ్యవర్గంలో క్షారం, గాజు చెప్పిన వెంటనే 'చపలో రసః సూతశ్చ పారదే' అన్నాడు. అంటే చపలం, రసం, సూతం అన్నీ పారదానికి పేర్లే. ఎన్ని పేర్లున్నా మొదట చపలాన్ని, అంటే నిలకడ లేనిదాన్ని, నిలబెట్టాడు చూడండి! పాదరసంతో బంగారం, మోక్షం సాధించజూసిన రసవాదుల చూపు వేరు. సంసారానికి అవతలి ఒడ్డును, అంటే పారాన్ని, ఇచ్చేది కనుక పారదమని వారి వ్యుత్పత్తి. పలు దర్శనాలను వివరించే 14వ శతాబ్దపు గ్రంథం సర్వదర్శనసంగ్రహం, రసవాదుల మతమైన రసేశ్వర దర్శనంలో దీన్ని ఉదాహరించింది. శ్రీపర్వతాన్నే బంగారం చేయబూనాడని రసవాది నాగార్జునుడి మీద ఐతిహ్యం ఉండనే ఉంది. మోక్షమూ బంగారమూ వారికి వదిలేద్దాం. పళ్లెంలో పోసిన బొట్టును కంటితో చూసి పెట్టిన పేరు చపలం. నా ఓటు దానికే.

ఇక మీ పాఠం. పాదరసానికి 80 ఎలక్ట్రాన్లు. జినాన్ మూలకంలో లాగే అమరిన 54 పోగా మిగిలిన 26 ఎలక్ట్రాన్లు 4ఎఫ్, 5డి, 6ఎస్ అనే ఇళ్లలో (ఆర్బిటాళ్లలో) వరుసగా 14, 10, 2 చొప్పున ఉంటాయి. అన్నీ నిండిన ఇళ్లే. పైగా 80 ప్రోటాన్ల కేంద్రకం చుట్టూ లోపలి ఎలక్ట్రాన్లు కాంతివేగంలో సగానికి మించి తిరగాలి. ఆ వేగంలో ఐన్‌స్టీన్ చెప్పిన సాపేక్షతా ప్రభావం వల్ల ఎస్ ఆర్బిటాళ్లు కుంచించుకుపోతాయి; బయటి 6ఎస్ జంట కూడా కేంద్రకానికి దగ్గరగా బిగుసుకుంటుంది. తొలి అయనీకరణ శక్తి, అంటే పరమాణువు నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి కావలసిన శక్తి, బంగారానికి 9.2, థాలియానికి 6.1 ఎలక్ట్రాన్ వోల్టులైతే, ఆవర్తన పట్టికలో ఆ రెండింటి నడుమ కూర్చున్న పాదరసానికి 10.4. ఇంత పిసినారి పొరుగు పరమాణువులతో లోహబంధానికి, అంటే ఎలక్ట్రాన్లను పంచుకుని పరమాణువులు కలిసి ఉండడానికి, ఏం పంచుతుంది? బంధం బలహీనం. అందుకే మైనస్ 38.8 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ద్రవం కనుకే పరుగు. పరమాణువు పిసినారితనమే బొట్టు చాపల్యానికి మూలమన్నమాట. అమరుడూ మీ పాఠమూ తగువులాడుకోనక్కరలేదు.



ఎండాకాలం రాగానే 'మెర్క్యురీ 44 దాటింది' అని రాసేవారితోనే నాకు పేచీ. ఇంట్లో పాదరసం ఉండగా ఈ అరువెందుకు? అసలు ఉష్ణోగ్రత అంటే ఏ గొడవా ఉండదు. ఇప్పటి జ్వరమానినుల్లో చాలావాటిలో పాదరసమే లేదు కదా.

పోలిక సంగతంటారా? 'పాదరసం లాంటి బుర్ర' అంటే నేడు మెప్పు, చురుకుదనం. మనిషికి చెబితే నిలకడలేమి కూడా స్ఫురిస్తుంది. రెండూ వాడుకలో ఉన్నాయి. ఏది తప్పనడానికీ నాకు నోరు రాదు. సందర్భం చూసి వాడండి. పిసినారిని మాత్రం ఇంతవరకు ఎవరూ పాదరసమన్నట్టు లేదు. మీ విద్యార్థులు మొదలుపెడితే అభ్యంతరం లేదు.