పెయిన్ క్లినిక్‌కి రాశారంటే చేతులెత్తేసినట్టేనా?

నడుం నొప్పికి ఏడాదిగా తిరుగుతుంటే ఎముకల డాక్టరు చివరికి పెయిన్ క్లినిక్‌కి రాసిచ్చారనీ, అంటే నా నొప్పి ఉత్తిదే అనుకుంటున్నారా, అసలక్కడ ఏం చేస్తారనీ అడిగారు కదా. ఆ చీటీని నేనైతే రెండు వారాలు బ్యాగులోంచి బయటికే తియ్యలేదు. నాది నడుం దగ్గర మొదలై ఎడమకాలి మడమ దాకా దిగే నొప్పి. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, వాడిన మాత్రలు పనిచెయ్యలేదు. ఇక నన్ను వదిలించుకుంటున్నారనే అనుకున్నాను.

అదేం కాదని వెళ్ళాక తెలిసింది. మూడు నెలలు దాటి ఉండిపోయిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. దొంగ ఎప్పుడో పారిపోయినా కుక్క తెల్లవార్లూ మొరుగుతున్నట్టు, మొదటి దెబ్బ మానిపోయాక కూడా నరాలు నొప్పి కబురు పంపుతూనే ఉండొచ్చు. అలాగని అది ఊహ కాదు, నిజంగానే నొప్పి. దానికి వైద్యం వేరు కాబట్టి పంపుతారు. అక్కడ చూసేది చాలాచోట్ల ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టర్లే. ఈ తరహా క్లినిక్‌లకు ఆద్యుడని చెప్పుకునే జాన్ బోనికా కూడా మత్తు డాక్టరే. చదువు ఖర్చుల కోసం కుస్తీలు పట్టి, ఆ దెబ్బల నొప్పులు జీవితాంతం మోసినవాడు. అది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మొదటి రోజే ఇంజెక్షన్ చేసి పంపేస్తారని మాత్రం అనుకోకండి. నాకు ఆ రోజంతా ప్రశ్నలే. ముందు ఒక కాగితం మీద మనిషి బొమ్మ ఇచ్చి, నొప్పి ఉన్నచోటల్లా గీతలు గియ్యమన్నారు. సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే ఎనిమిది అన్నాను. "ఎనిమిది ఎప్పుడు? కూర్చున్నప్పుడా, నడిచినప్పుడా, పడుకున్నాకా?" అన్నారు అక్కడి డాక్టరమ్మ. తెల్లమొహం వేశాను. ఎంతుందో చెప్పడం అలవాటే గానీ, ఎప్పుడు ఎంతుంటోందో ఎన్నడూ గమనించుకోలేదు. మీరు వెళ్ళేలోపు ఒక వారం పాటైనా రాసుకోండి.

ఇంకో మాట. ఊరికే "నొప్పి" అని ఊరుకోకండి. సలుపా, పోటా, మంటా, తిమ్మిరా, జివ్వుమని లాగుతుందా, సూదులు గుచ్చినట్టుందా, వంగితే కలుక్కుమంటుందా? మన భాషలో ఇన్ని మాటలున్నాయి, అన్నీ వాడండి. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు ఉండటం నరం వైపు వేలు చూపిస్తాయి. వంగినప్పుడో లేచినప్పుడో పట్టేసే నొప్పి అయితే కీళ్ళు, కండరాల వైపు చూస్తారు. మందులు కూడా దాన్నిబట్టే మారతాయి.

తర్వాత నిద్ర, దిగులు, ఉద్యోగం, ఇంట్లో పరిస్థితి గురించి అడిగారు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. నడుం నొప్పని వస్తే ఏడుపు సంగతులెందుకని అడిగేశాను కూడా. నిద్ర లేకపోతే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే నిద్ర పట్టదు, ఈ గానుగను ఎక్కడో ఒకచోట ఆపాలి కదా అన్నారు. ఆ రాత్రి ఆలోచిస్తే నా రోజులన్నీ అలాగే తిరుగుతున్నాయి.

స్కాన్ గురించి నేనడిగేలోపే ఆవిడే చెప్పారు. రెండు డిస్కులు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు, ఉబ్బాయని నా రిపోర్టులో ఉంది, దాన్ని శిలాశాసనంలా మోస్తున్నాను. ఏ నొప్పీ లేనివాళ్ళ స్కాన్ల మీద 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం 20 ఏళ్ళవాళ్ళలోనే 30 శాతం మందికి, 80 ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉందట. స్కాన్‌లో కనపడిందల్లా నొప్పికి కారణం కాదన్నమాట.

మందుల్లో నాకు మొదట ఇచ్చింది రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు. ఇంటికొచ్చి చూస్తే దిగులు జబ్బు మందని ఉంది. మళ్ళీ కోపం. తక్కువ మోతాదులో దాన్ని నరాల నొప్పికి వాడతారని తర్వాత తెలిసింది. నోరు ఎండిపోయేది, మొదటి వారం పొద్దున్నే లేవబుద్ధయ్యేది కాదు. తర్వాత తగ్గింది. కొందరికి ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్ ఇస్తారు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది, మీ అంతట మీరు టక్కున ఆపెయ్యకూడదు. ట్రమడాల్ లాంటి, అలవాటుపడే ప్రమాదమున్న నొప్పి మందులు రాస్తే ఒక్క డాక్టరు దగ్గరే తీసుకుంటానని సంతకం పెట్టించుకోవచ్చు, కొన్నిచోట్ల మూత్ర పరీక్ష కూడా చేస్తారు. అది అందరికీ ఉన్న పద్ధతే, మిమ్మల్ని అనుమానించినట్టు కాదు.

ఇంజెక్షన్ నాకు మూడోసారి వెళ్ళినప్పుడు చేశారు. బోర్లా పడుకోబెట్టి, చర్మానికి తిమ్మిరి మందు ఇచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూది దింపారు. మెలకువగానే ఉన్నాను. మందు వెళ్తున్నప్పుడు నా పాత నొప్పే కాల్లోకి జరజరా దిగింది. సరైన చోటికే చేరుతోందన్నారు. సాయంత్రం దాకా కాలు బరువుగా ఉంది, కాబట్టి బండి మీరే నడిపి ఇంటికి రావాలనుకోకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. రెండు రోజులు ఏ మార్పూ లేదు, అయిదో రోజున తేలికపడింది. సుగర్ ఉంటే ఆ ఇంజెక్షన్‌లోని స్టెరాయిడ్ వల్ల అది కొన్ని రోజులు పెరగొచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, వాటిని ఆపాలా వద్దా అన్నది వాళ్ళే చెబుతారు.

నాకు మూడు నెలలు పనిచేసింది. అసలు పని ఆ మూడు నెలల్లో చెయ్యాల్సిందేనట: ఫిజియోథెరపీ. బాగున్న రోజున వారం పనంతా ఎత్తుకుని, ఆనక మూడు రోజులు మంచం పట్టడం నా అలవాటు. దాన్ని మాన్పించడానికే ఫిజియో అమ్మాయికి నెల పట్టింది. నొప్పి ఉన్నా లేకపోయినా రోజుకి ఎనిమిది నిమిషాల నడక, వారానికో నిమిషం పెంచడం. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించే క్లాసు ఒకటి పెట్టారు గానీ, ఎవరి నొప్పి గొప్పదో పోటీ పడటంతోనే సరిపోయింది. రెండోసారి ఎగ్గొట్టాను.

నొప్పి పూర్తిగా పోతుందని వాళ్ళూ చెప్పలేదు, నేనూ చెప్పను. మూడో వంతు తగ్గినా అది మంచి ఫలితమే అంటారు. నాకు ఎనిమిది కాస్తా నాలుగైదుకి దిగింది. పావుగంట కూర్చోలేని దాన్ని రెండు గంటల ప్రయాణం చేస్తున్నాను.

ఒకటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. మూత్రం ఆగిపోయినా, మల మూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు ఒక్కసారిగా బలహీనపడినా క్లినిక్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మందులన్నీ, పనిచెయ్యనివి కూడా, ఎంత మోతాదులో ఎన్నాళ్ళు వాడారో రాసి పట్టుకెళ్ళండి. నేను గుర్తున్నవి చెప్పి, రెండు మర్చిపోయాను. అందులో ఒకటి మళ్ళీ రాసిచ్చారు.