20వ రోజు హెచ్‌ఐవీ టెస్ట్ నెగెటివ్ వస్తే నమ్మొచ్చా?

రిస్క్ జరిగి 20 రోజులైంది, కార్డ్ టెస్ట్ నెగెటివ్ వచ్చింది, ఇక నిశ్చింతేనా అని అడిగారు. ఇంకా కాదండీ. తప్పు కిట్‌ది కాదు, తేదీది.

మామూలు కార్డ్ టెస్ట్ వైరస్‌ను చూడదు, దానిపై ఒంట్లో పుట్టే యాంటీబాడీలను చూస్తుంది. అవి దొరికే స్థాయికి రావడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే ఫోర్త్ జనరేషన్ ఎలీసా వైరస్‌లోని పీ24 అనే ప్రొటీన్ (యాంటీజెన్)ను కూడా పట్టుకుంటుంది కాబట్టి 18–45 రోజుల్లో తేలుస్తుంది. రిపోర్టులో ఉత్త ‘ఎలీసా’ అనే ఉంటే ఏ జనరేషనో అడగండి. నేరుగా వైరస్‌ను వెతికే న్యాట్ 10–33 రోజుల్లో చెబుతుంది, ఖరీదు మాత్రం ఎక్కువ. సీడీ4 కౌంట్ దీనికి పనికిరాదు. అది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో రోగనిరోధక శక్తి ఎంతుందో చూసేది. ఇప్పుడు చేయించుకుంటే డబ్బు దండగ.

మీరు 45 రోజులు దాటాక ఫోర్త్ జనరేషన్ చేయించుకోండి. అది దొరక్కపోతే 90 దాటాక కార్డ్ టెస్ట్. పీఈపీ మాత్రలు (రిస్క్ జరిగాక హెచ్‌ఐవీ సోకకుండా వాడేవి) 28 రోజులు వాడి ఉంటే లెక్క ఆఖరి మాత్ర నుంచి మొదలవుతుంది. (వాటిని 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఇప్పుడు మొదలుపెట్టి లాభం లేదు.)

కార్డ్ టెస్ట్‌లో ఎక్కువ గందరగోళం గీతల దగ్గరే. టెస్ట్ సరిగ్గా పనిచేసిందని చూపే ‘సి’ గీత రాకపోతే ఆ టెస్ట్ చెల్లదు, కొత్త కార్డుతో మళ్లీ చేయాల్సిందే. కిట్ మీద రాసిన సమయంలోపు, సాధారణంగా 15–20 నిమిషాలు, ఫలితం చూపే ‘టి’ దగ్గర గీత ఎంత లేతగా వచ్చినా రియాక్టివే, అంటే హెచ్‌ఐవీ ఉండొచ్చని సూచన. గంట తర్వాత ఆరిపోయిన కార్డు మీద కనిపించే చారను మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. ఒక కిట్‌తో వచ్చిన ద్రవం (బఫర్) ఇంకో కిట్‌లో వేసినా, చుక్కలు తగ్గినా ఫలితం తారుమారవుతుంది.

ఒక్క కార్డు రియాక్టివ్ అయినంత మాత్రాన హెచ్‌ఐవీ ఉన్నట్టు కాదు. ప్రభుత్వాసుపత్రిలోని హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం (ఐసీటీసీ)లో వేర్వేరు రకాల మూడు కిట్లతో చూసి, మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అంటారు. ఫలితాలు పొసగకపోతే 14–28 రోజులకు మళ్లీ రమ్మంటారు. పరగడుపున వెళ్లక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా టెస్ట్ చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే చెబుతారు.

అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి. ‘ఎలాగూ వాళ్లే టెస్ట్ చేస్తారుగా’ అని రక్తదానానికి మాత్రం వెళ్లకండి. మీ కార్డుకు దొరకనిది బ్లడ్ బ్యాంక్ టెస్ట్‌కూ దొరక్కపోవచ్చు, ఆ సీసా ఇంకొకరికి ఎక్కుతుంది.