పునరుత్పాదక ఇంధనాల కాలంలో పెట్రోలియం ఇంజినీరింగ్ చదవవచ్చా?

సౌర, పవన విద్యుత్తు ఇంత వేగంగా పెరుగుతున్నప్పుడు పెట్రోలియం ఇంజినీరింగ్ రెండవ సంవత్సరంలో ఉన్న మీరు ఆ చదువు కొనసాగించాలా, బ్రాంచి మార్చుకోవాలా అని అడిగారు. కొనసాగించమనే నా సలహా. అయితే డ్రిల్లింగుకూ, రిజర్వాయరుకూ (చమురు, గ్యాస్ నిండి ఉండే భూగర్భ శిలలకూ) సంబంధించిన చదువుకు మాత్రమే పరిమితం కాకండి. కోనసీమ తీరంలోని గ్యాస్ ప్లాంట్లలోనూ, తరువాత గల్ఫ్‌లోనూ కంప్రెసర్లు, పంపుల నిర్వహణలో పనిచేసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

ఈ రంగంలో ఉద్యోగాలు పోవడం నేను దగ్గరగా చూసినప్పుడు అందుకు కారణం సౌరవిద్యుత్తు కాదు, ముడిచమురు ధర. 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్లకు పైన ఉన్న ధర 2016 జనవరికి 30 డాలర్ల దిగువకు పడిపోయింది. ఆ రోజుల్లో నాకు తెలిసిన రిగ్గు (బావులు తవ్వే యంత్రాంగం) సిబ్బందిలో, ముఖ్యంగా కాంట్రాక్టు మీద ఉన్నవారిలో, చాలామంది సామాను సర్దుకుని ఇంటికి తిరిగి వచ్చారు. ధర పడితే కొత్త బావుల తవ్వకం ముందుగా ఆగుతుంది. నడుస్తున్న ప్లాంటును అంత తేలికగా ఆపరు కాబట్టి దానిని నడిపేవారికి కొంత రక్షణ ఉంటుంది.

మన కృష్ణా-గోదావరి బేసిన్‌నే చూడండి. 2009 ఏప్రిల్‌లో అక్కడి సముద్రంలో రిలయన్స్ నడిపే కేజీ-డీ6 బ్లాకు నుంచి గ్యాస్ మొదలై, మరుసటి ఏడాది రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, బావుల్లోకి నీరు, ఇసుక రావడంతో కొద్ది సంవత్సరాల్లోనే బాగా తగ్గిపోయింది. 2020 డిసెంబరులో అదే బ్లాకులో కొత్త క్షేత్రం ఉత్పత్తి ప్రారంభించింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బ్లాకు నుంచి చమురు వచ్చింది. పని ఇలా అలలుగా వస్తుంది: నిర్మాణ దశలో వందలమందిని పిలుస్తారు, ఉత్పత్తి స్థిరపడ్డాక కొద్దిమందినే ఉంచుకుంటారు.

సౌరవిద్యుత్తు ముందుగా పోటీ పడేది బొగ్గుతో. చమురులో ఎక్కువ భాగం వాహనాలకు పోతుంది కనుక మీరు గమనించవలసింది విద్యుత్ వాహనాల సంఖ్యను. అవసరమైన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశం ఇక్కడ దొరికే చమురును, గ్యాస్‌ను మీ ఉద్యోగకాలంలో వదులుకుంటుందని నేను అనుకోను.

ఇక హైడ్రోజన్ విషయం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ (పునరుత్పాదక విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అలాంటి చోట కావలసినవి అధిక పీడన కంప్రెసర్లు, పైపులైన్లు, అమ్మోనియా నిల్వ, అగ్నిప్రమాదాల నివారణ తెలిసినవారు. వీటిలో చాలావరకు గ్యాస్ ప్లాంటులో రోజూ చేసే పనులే. హైడ్రోజన్ కొన్ని రకాల ఉక్కును పెళుసుబారేలా చేస్తుంది కాబట్టి లోహాల గురించి, తుప్పు నివారణ గురించి శ్రద్ధగా చదవండి. ప్రాసెస్ సేఫ్టీ (ప్లాంటులో లీకులు, పేలుళ్లు జరగకుండా చూసే శాస్త్రం) ఎలక్టివ్‌గా ఉంటే తప్పక తీసుకోండి. వేసవి శిక్షణకు రిగ్గు దొరకకపోయినా బాధపడక, రిఫైనరీలోనో ఎరువుల కర్మాగారంలోనో చేరండి. మొదటి ఉద్యోగం కాంట్రాక్టుదైతే, కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో నిలిచేదాకా పెద్ద అప్పు ఏదీ చేయకండి.