లెస్ పాల్ గిటార్‌కి పాతకాలపు టోన్ కావాలంటే 57 క్లాసిక్, బర్స్ట్‌బకర్, సెత్ లవర్ పికప్‌లలో (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగాలు) ఏది తీసుకోవాలి?

మూడింటికీ మూలం ఒకటే: గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీర్ 1955లో రూపొందించగా, 1957 నుంచి గిటార్లలోకి వచ్చిన "పీఏఎఫ్" (పేటెంట్ అప్లైడ్ ఫర్) హంబకర్, అంటే రెండు కాయిల్స్‌తో హమ్‌ని (గుయ్‌మనే శబ్దాన్ని) తగ్గించే పికప్. అప్పట్లో తీగ చుట్టడం కచ్చితంగా ఉండేది కాదు, అయస్కాంతాలూ రకరకాలు. అందుకే ఏ రెండు పీఏఎఫ్‌లూ ఒకేలా మోగవు. "అచ్చం పీఏఎఫ్ సౌండ్" అనే ప్రకటనల్ని నేనైతే పెద్దగా పట్టించుకోను.

గిబ్సన్ 57 క్లాసిక్‌లో ఆల్నికో 2 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమం) అయస్కాంతం, రెండు కాయిల్స్‌లో సమానమైన చుట్లు. శబ్దం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. మైనంలో ముంచుతారు కాబట్టి గెయిన్ (ఆంప్‌లో సిగ్నల్ బలం) పెంచినా కీచుమనడం తక్కువ.

గిబ్సన్‌వే అయిన బర్స్ట్‌బకర్ 1, 2, 3లలోనూ ఆల్నికో 2నే, కానీ కాయిల్స్‌లో చుట్లు కావాలనే హెచ్చుతగ్గులుగా ఉంటాయి. దాంతో హమ్ పూర్తిగా రద్దవదు, బదులుగా పైస్థాయిలో కాస్త కరుకుదనం, మెరుపు వస్తాయి. పీఏఎఫ్‌లోని అసలు రుచి ఇదే అనిపిస్తుంది నాకు.

సీమోర్ డంకన్ కంపెనీ వారి సెత్ లవర్ మోడల్‌కి మైనం పెట్టరు. క్లీన్ టోన్‌లో గాలి ఆడినట్టు విడివిడిగా వినిపిస్తుంది. పెద్ద వాల్యూమ్‌లో ఫీడ్‌బ్యాక్ (కీచుమనే శబ్దం) టెన్షన్ మాత్రం తప్పదు.

బ్లూస్, క్లాసిక్ రాక్ అయితే బ్రిడ్జ్ వైపు (తీగలు గిటార్ బాడీ మీద ముగిసే చోటు) బర్స్ట్‌బకర్ 2, నెక్ (గిటార్ మెడ) వైపు 1 పెట్టండి. స్టేజీ మీద ఎక్కువ గెయిన్‌తో వాయిస్తే 57 క్లాసిక్. కొనేముందు పికప్ ఎత్తు తగ్గించి, పెంచి చూడండి. ఒక్కోసారి అంతటితోనే పని అయిపోతుంది.