లిఫ్ట్ ఉన్న హోటల్ అని చెప్పి మెట్లెక్కించారు: అమ్మ చెయ్యి విరిగితే కేసు ఎక్కడ వేయాలి?

సందేహం: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. కొబ్బరి వ్యాపారం చేస్తాను. నాన్నగారు పోయాక అమ్మ (66 ఏళ్లు) గడప దాటడం మానేసింది. ఎలాగోలా ఒప్పించి 2025 నవంబరులో బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ టూరుకి తీసుకెళ్లాను. ఇద్దరికీ కలిపి ప్యాకేజీ 2,30,000 రూపాయలు, టీసీఎస్ అనే పన్ను కింద మరో 11,500 తీసుకున్నారు. కాకినాడలో ఏజెంట్ ద్వారా కట్టాం, కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో. అమ్మకి మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయని ముందే చెప్పాను. ‘లిఫ్ట్ లేని హోటల్ అసలు ఇవ్వం, మా అమ్మలా చూసుకుంటాం’ అని ఏజెంట్ వాట్సాప్‌లో వాయిస్ పంపాడు. బ్యాంకాక్‌లో బాగానే జరిగింది. కౌలాలంపూర్‌లో మాత్రం చివరి నిమిషంలో హోటల్ మార్చి, ఊరికి దూరంగా, లిఫ్ట్ లేని చోట మూడో అంతస్తులో గది ఇచ్చారు. రెండో రోజు పొద్దున టిఫిన్‌కి దిగుతూ అమ్మ మెట్ల మీద జారి పడింది, ఎడమ మణికట్టు విరిగింది. అక్కడి ఆసుపత్రిలో దాదాపు 88,000 అయింది. సింగపూర్ వెళ్లకుండానే 46,000 పెట్టి వేరే టికెట్లు కొని వచ్చేశాం. ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు బీపీ సంగతి దాచారని క్లెయిమ్ తిరస్కరించారు. ఆ ఫారం నింపింది ఏజెంటే. కంపెనీ 20,000 రూపాయల వోచర్ ఇస్తామంటోంది, కేసు వేయాలంటే ముంబైలోనే వేయాలని బుకింగ్ ఫారంలో ఉందట. నేనేం చేయాలి? ఇంకో సంగతి, అమ్మ ఇప్పుడు సింగపూర్ చూడాలంటోంది. ఈసారి మేమే సొంతంగా వెళ్దామనుకుంటున్నాం. ఆమె మందులు, తినుబండారాల విషయంలో ఏమైనా జాగ్రత్తలున్నాయా? అమ్మని తీసుకెళ్లి తప్పు చేశానేమో అనిపిస్తోంది.

జవాబు: చివరి మాటకి ముందు జవాబు చెబుతాను. మీరు తప్పు చేయలేదు. అమ్మగారి మోకాళ్ల సంగతి డబ్బు కట్టకముందే చెప్పారు, లిఫ్ట్ కావాలని అడిగారు, ఉంటుందని మాట తీసుకున్నారు. ఒక కొడుకు చేయగలిగిన జాగ్రత్త అంతా చేశారు. రేపు మీ కేసు నిలబడేది కూడా ఆ జాగ్రత్త మీదే.

ముంబై సంగతి. ఆ టెన్షన్ వదిలేయండి. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. కంపెనీ ఆఫీసు ఎక్కడుందో, వ్యవహారం ఎక్కడ నడిచిందో చూసుకుని అక్కడికి పరుగెత్తాల్సి వచ్చేది. ఇప్పుడు చట్టం ఇచ్చిన హక్కుని బుకింగ్ ఫారం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో వేసిన ఒక లైను లాగేసుకోలేదు. కొన్ని ఫారాల్లో ‘వివాదం వస్తే మధ్యవర్తి దగ్గరికే’ అని ఆర్బిట్రేషన్ షరతు కూడా ఉంటుంది. అది ఉన్నా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చని ఎమ్మార్ ఎంజీఎఫ్, అఫ్తాబ్ సింగ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. జిల్లాలు విడిపోయాక మీ మండలం ఏ కమిషన్ కిందికి వస్తుందో అమలాపురం బార్‌లో ఎవరినడిగినా చెబుతారు. వినియోగదారుల కేసుల కోసం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు కూడా.

జిల్లా కమిషన్‌లో 50 లక్షల దాకా చెల్లించిన వ్యవహారాలు నడుస్తాయి. ఇక్కడ లెక్క మీరు కట్టిన డబ్బుది, అడిగే పరిహారానిది కాదు. 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు పైసా కట్టక్కర్లేదు. గడువు మాత్రం 2 ఏళ్లు, అంటే 2027 నవంబరు లోపు. అందాకా ఆగొద్దు. ఈ కంపెనీల్లో బుకింగ్ చూసిన మనిషి ఆరు నెలల తర్వాత ఆ కుర్చీలో ఉండడు.

ఫిర్యాదులో మీ పేరుతో పాటు అమ్మగారి పేరూ పెట్టండి. డబ్బు మీరే కట్టినా, ఆ సేవ పొందిన మనిషిగా చట్టం దృష్టిలో ఆమె కూడా వినియోగదారే. దెబ్బ తగిలింది ఆమెకి. ఆమెను వారం వారం కమిషన్ మెట్లెక్కించాల్సి వస్తుందని భయపడకండి. సాక్ష్యం అఫిడవిట్ రూపంలో ఇస్తారు, అవసరమైతే వీడియోలో హాజరు కావడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక అసలు విషయం. ‘ఆవిడ జారి పడితే మాదా తప్పు?’ అని కంపెనీ అంటుంది. తప్పకుండా అంటుంది. దీనికి జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అమ్మగారు కౌలాలంపూర్ దగ్గరి బటు కేవ్స్ గుహల్లో సుబ్రహ్మణ్యస్వామి కోసం 272 మెట్లు ఎక్కుతూ పడిపోయి ఉంటే నా సలహా వేరేగా ఉండేది. అక్కడ మెట్లుంటాయని అందరికీ తెలుసు, ఎక్కడం మానడం మన ఇష్టం. ఇక్కడ అలా కాదు. మోకాళ్లు బాగాలేవు, మెట్లు వద్దు అని చెప్పారు. మెట్లుండవని వాళ్లు ఒప్పుకున్నారు. తర్వాత మెట్లు తప్ప వేరే దారి లేని గది ఇచ్చారు. టిఫిన్ తినాలన్నా, బస్సెక్కాలన్నా ఆ మూడంతస్తులూ దిగాల్సిందే. ఏ ప్రమాదం రాకూడదని లిఫ్ట్ అడిగారో సరిగ్గా ఆ ప్రమాదమే జరిగింది. మాట తప్పడానికీ, మణికట్టు విరగడానికీ మధ్య ఇంత దగ్గరి సంబంధం ఉన్న కేసులు అరుదుగా వస్తాయి.

‘లేదా అదే స్థాయి హోటల్’ అని ఫారంలో ఉందంటారు. ఉండనివ్వండి. స్టార్ల లెక్కలో సమానమేమో గానీ, ప్రత్యేకంగా అడిగి తీసుకున్న హామీని ఆ మాట చెరిపేయదు. విమానం సమయం మారడం, వాన పడి పడవ షికారు రద్దవడం లాంటివి వాళ్ల చేతిలో ఉండవు. హోటల్లో లిఫ్ట్ ఉందో లేదో ఒక ఫోను చేస్తే తెలుస్తుంది.

అందుకే మీ దగ్గరున్న అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఆ వాయిస్ మెసేజ్. ఫోను మార్చకండి, చాట్ క్లియర్ చేయకండి, ఏజెంట్ నంబరు బ్లాక్ చేయకండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిల్‌కి పంపుకోండి. వాయిస్‌లో ఉన్న మాటల్ని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాయించండి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి, అది అసలైనదేనని ధ్రువీకరించే ఒక సర్టిఫికెట్ జత చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టంత పట్టుగా ఉండకపోయినా, అవతలి లాయరుకి సందు ఇవ్వడం దేనికి? పెట్టేయండి.

రెండో కాగితం కౌలాలంపూర్ ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ. దాన్ని తీసి ఒకసారి చదవండి. దెబ్బ ఎలా తగిలిందో రాసే చోట ‘హోటల్ మెట్ల మీద జారి పడ్డారు’ అన్న అర్థం వచ్చే ఒక లైను ఉంటుంది. ఉందా లేదా చూసుకోండి. ప్రమాదం గురించి ఏజెంటు చెప్పేవి, మీరు చెప్పేవి అన్నీ తర్వాత వచ్చినవే. ఆ లైను మాత్రం ఏ కేసూ మనసులో లేని డాక్టరు ఆ పూటే రాసింది. లేకపోతే ఆసుపత్రికి ఇప్పుడే ఈమెయిల్ పెట్టి, మొదట చూసినప్పటి నోట్స్ కాపీ అడగండి. రింగిట్లలో ఇచ్చిన బిల్లులు, కార్డు స్టేట్‌మెంట్, బోర్డింగ్ పాసులు, ఆ మెట్ల ఫొటో ఏదైనా ఉంటే అదీ ఒక కవర్లో భద్రం చేయండి. థర్మల్ కాగితం మీది రసీదులు కొన్నాళ్లకి తెల్లబోతాయి, వాటికి జిరాక్సు తీయించండి.

ఇన్సూరెన్స్. మీ కేసులో కాస్త మెత్తటి చోటు ఇదే, దాచకుండా చెబుతాను. పాలసీ అడిగిన ప్రశ్నకి అబద్ధపు జవాబు రాస్తే క్లెయిమ్ పోవచ్చు, కోర్టులు కూడా ఆ మాటే అంటాయి. అయినా మీకు రెండు దారులున్నాయి. ఒకటి, బీపీకీ మణికట్టు విరగడానికీ సంబంధం ఏమిటి? సులభా ప్రకాశ్ మోతెగాంవ్‌కర్ కేసులో ఒకాయన నడుం నొప్పి జబ్బు సంగతి ఫారంలో చెప్పలేదు, గుండెపోటుతో పోయారు. ఆ జబ్బుకీ మరణానికీ సంబంధం లేదని, క్లెయిమ్ ఆపడం చెల్లదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మీది ఇంకా తేలిక, ఇక్కడ జరిగింది జారిపడటం. ఒకవేళ కళ్లు తిరిగి పడ్డారని ఆసుపత్రి కాగితంలో ఉంటే మాత్రం వాళ్లు దాన్ని పట్టుకుంటారు. డిశ్చార్జ్ సమ్మరీ చదవమన్నది ఇందుకే కూడా.

రెండోది, ఫారం ఎవరు నింపారన్నది. ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి ప్రపోజల్ ఫారం కాపీ తెప్పించండి. సంతకం మీదా, మీ ఫోనుకి వచ్చిన ఓటీపీయా, అసలు ఏదీ లేదా? బీపీ ఉందని మీరు ఏజెంటుకి చెప్పినట్టు వాట్సాప్‌లో ఉండి, అతను ‘జబ్బులేమీ లేవు’ అని టిక్కు పెట్టి ఉంటే, ఇన్సూరెన్స్ డబ్బు రాకపోవడానికి కారణం అతనే. ఆ 88,000 అతని దగ్గర వసూలు చేయమని అడగొచ్చు.

చదివేవాళ్లందరి కోసం ఇంకో తీర్పు చెప్పాలి. మన్మోహన్ నందా అనే ఆయన షుగరు ఉందని ముందే చెప్పి ఓవర్సీస్ మెడిక్లెయిమ్ (విదేశీ ప్రయాణానికి ఆరోగ్య బీమా) తీసుకుని అమెరికా వెళ్లారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులోనే గుండెపోటు వచ్చింది. కంపెనీ పాత జబ్బుల సాకు చూపి డబ్బు ఎగ్గొట్టింది. ఆరోగ్య పరిస్థితి తెలిసీ పాలసీ ఇచ్చాక దాన్నే కారణంగా చూపి తిరస్కరించకూడదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది. బీపీ, షుగరు అని రాస్తే ప్రీమియం కాస్త పెరగొచ్చు. పెరగనివ్వండి. అమ్మానాన్నల పాలసీ ఫారం మాత్రం మీ చేత్తో మీరే నింపండి.

ఇన్సూరెన్స్ గొడవకి హైదరాబాద్‌లో అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణతో పాటు మన పక్కనున్న యానాం కూడా వారి పరిధిలోదే. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, వాళ్లు కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. మామూలుగా అయితే అక్కడికే పొమ్మంటాను. మీ విషయంలో మాత్రం కమిషనే మంచిదని నా అభిప్రాయం. అంబుడ్స్‌మన్ టూర్ ఏజెంటుని పిలిచి విచారించరు. ఏజెంటేమో ఇన్సూరెన్స్ మీదికి, ఇన్సూరెన్స్ ఏజెంటు మీదికి నెడుతుంటే మధ్యలో మీరు నలిగిపోతారు. ఏజెంటు, టూర్ కంపెనీ, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గుర్నీ ఒకే ఫిర్యాదులో ప్రతివాదులుగా నిలబెడితే ఎవరి తప్పు ఎంతో కమిషనే తేలుస్తుంది. ఒకే విషయం రెండు చోట్లా నడపడం కుదరదు, గుర్తుంచుకోండి.

ఆ 20,000 వోచరు మీద సంతకం చేయకండి. అడుగున ‘పూర్తి పరిష్కారంగా స్వీకరించాను’ అని ఉంటుంది. దాంతో కథ ముగిసిపోతుంది. ముందు స్పీడ్ పోస్టులో, ఈమెయిల్లో లీగల్ నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. చట్టం నోటీసు తప్పనిసరి అనలేదు గానీ, దానికి వాళ్లిచ్చే జవాబులో చాలాసార్లు వాళ్ల తప్పు వాళ్లే ఒప్పేసుకుంటారు. ఫిర్యాదు స్వీకరించాక అవతలివాళ్లకి జవాబు వేయడానికి 30 రోజులు, కమిషన్ దయ తలిస్తే ఇంకో 15. అంతకు మించి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది.

ఎంత అడగాలి? వాడుకోని సింగపూర్ భాగం ఖరీదు, హోటల్ తేడా, 46,000 టికెట్లు, ఆసుపత్రి ఖర్చు, అమ్మగారు పడ్డ బాధకి సమంజసమైన మొత్తం, కేసు ఖర్చులు. కోపంలో 20 లక్షలని వేయకండి. బిల్లు ఉన్న ప్రతి రూపాయీ లెక్కగా చూపిస్తే కమిషన్‌కి మీ మీద నమ్మకం కుదురుతుంది. ఆసుపత్రి ఖర్చు ఎవరో ఒకరి దగ్గరే వస్తుంది, రెండుసార్లు రాదు.

టీసీఎస్ 11,500 పోయిన డబ్బు కాదు. విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఆ ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల దాకా 5 శాతం వసూలు చేయాలి, మీ లెక్క సరిపోయింది. అది మీ పాన్ మీద జమ కావాలి. ఇన్‌కమ్‌ట్యాక్స్ సైట్లో ఫారం 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక) తెరిచి చూడండి. కనిపిస్తే రిటర్నులో చూపించి పన్నులో సర్దుకోవచ్చు, మిగిలితే రీఫండు వస్తుంది. కనిపించకపోతే మీ దగ్గర వసూలు చేసి కట్టలేదన్నమాట. అదీ నోటీసులో రాయాలి.

అమ్మగారి సింగపూర్ కోరిక విని సంతోషం వేసింది. తీసుకెళ్లండి. మనవాళ్లకి ఆ దేశానికి వీసా కావాలి. దిగడానికి 3 రోజుల ముందు నుంచి ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్‌లో దిగేవాళ్లు ఇచ్చే వివరాల ఫారం) ఆన్‌లైన్లో నింపొచ్చు, అది పూర్తిగా ఉచితం. దానికి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

తినుబండారాల్లో మనవాళ్లకి తెలియక ఇబ్బంది తెచ్చేవి రెండున్నాయి. మసాలాలో వేసే గసగసాలు సింగపూర్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. పొట్లంగా గానీ, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో గానీ వద్దే వద్దు. రెండోది మన కోనసీమ సరుకే. కురిడీ కొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతట అది వేడెక్కి అంటుకునే గుణం ఉందని విమానయానంలో ప్రమాదకర వస్తువుల జాబితాలో పెట్టారు. బంధువుల కోసమని బ్యాగులో వేయకండి. ఆవకాయ లగేజీలో పెట్టండి, చేతి బ్యాగులో పెడితే ద్రవపదార్థం కింద సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు.

బీపీ మాత్రలకి ఇబ్బంది లేదు. నిద్ర మాత్రలు, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు ఉంటే మాత్రం అక్కడి హెల్త్ సైన్సెస్ అథారిటీ నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. మణికట్టు నొప్పికి ఇప్పుడు ఏం వాడుతున్నారో డాక్టరుని అడిగి పేర్లు రాయించుకోండి. మాత్రల్ని డబ్బాలోకి మార్చకుండా షీట్లతోనే ఉంచండి. ప్రిస్క్రిప్షన్ మీద అమ్మగారి పేరు ఇంటిపేరుతో సహా పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయించండి. మన దగ్గర డాక్టరు చీటీ మీద ‘సత్యవతి గారు, 66’ అని ఉంటుంది, అక్కడి అధికారికి అది ఎవరో తెలియదు.