పీజీ థీసిస్‌ను వైద్య జర్నల్‌కు పేపరుగా ఎలా తయారుచేసి పంపాలి?

విజయవాడలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్న మీరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది: థీసిస్ విశ్వవిద్యాలయానికి సమర్పించడం అయిపోయింది, గైడు గారు దాన్ని పేపరుగా రాసి ఏదైనా మంచి జర్నల్‌కు పంపమన్నారు, నూట పది పేజీలను పది పేజీలకు ఎలా కుదించాలో తోచడం లేదు, ఈలోగా ఏడు రోజుల్లో ప్రచురిస్తామంటూ ఒక వాట్సాప్ సందేశం వచ్చింది, దానికి డబ్బు కట్టవచ్చా అని. నేను గుంటూరులో కమ్యూనిటీ మెడిసిన్ బోధిస్తున్నాను. ఈ పనిలో నేను మొదట పడిన పొరపాటు సరిగ్గా ఆ వాట్సాప్ సందేశం లాంటిదే కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

డబ్బు కట్టకండి. ఎంబీబీఎస్ అయ్యాక ట్యూటరుగా చేరిన కొత్తలో, నన్ను "గౌరవనీయులైన ఆచార్యవర్యా" అని సంబోధిస్తూ ఒక ఈమెయిల్ వచ్చింది. అంతకు ముందు నన్ను అలా పిలిచినవారు ఎవరూ లేరు. ఆ మర్యాదకు పొంగిపోయి, ఒక పల్లెలో ఇల్లిల్లూ తిరిగి చేసిన చిన్న సర్వేను వ్యాసంగా రాసి వారికి పంపి, ఆరు వేల రూపాయలు కట్టాను. నాలుగో రోజుకల్లా, ఒక్క ప్రశ్నయినా అడగకుండా, నేను చేసిన అచ్చుతప్పులతో సహా దాన్ని ప్రచురించారు. రెండేళ్ళ తర్వాత ఒక దరఖాస్తుకు జతపరచడానికి ఆ లింకు తెరిస్తే వెబ్‌సైటే లేదు. డబ్బు పోయినందుకు కాదు గాని, ఒకసారి అచ్చయిన వ్యాసాన్ని మరో జర్నల్‌కు పంపే వీలు లేనందున ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరయింది. కొలరాడో విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసిన జెఫ్రీ బీల్ 2010లో ఇటువంటి వాటికి 'ప్రిడేటరీ' (వేటాడేవి) అని పేరు పెట్టి ఒక జాబితా నడిపారు గాని, 2017 జనవరిలో అది మూతపడింది. ఇప్పుడు ఎవరికి వారు చూసుకోవలసిందే. ఫలానా సూచికలో (జర్నళ్ళను నమోదు చేసే జాబితాలో) ఉన్నామని జర్నల్ తన వెబ్‌సైటులో రాసుకున్నదాన్ని నమ్మకుండా, ఆ సూచిక సొంత వెబ్‌సైటుకు వెళ్ళి జర్నల్ పేరు వెతకండి. వైద్య వ్యాసాలను వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైటులో ఒక పేపరు కనిపించినంత మాత్రాన ఆ జర్నల్, ఎంపిక చేసిన జర్నళ్ళ సూచిక అయిన మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం క్యాటలాగులో ఆ సంగతి విడిగా తెలుస్తుంది. అలాగని రుసుము తీసుకునే ప్రతి జర్నలూ మోసమని అనుకోవద్దు. ఎవరైనా ఉచితంగా చదువుకునే పద్ధతిలో నడిచే మంచి జర్నళ్ళు కూడా వ్యాసం అంగీకరించాక రుసుము అడుగుతాయి. చూడవలసింది రివ్యూ, అంటే ఆ రంగం తెలిసినవారు వ్యాసాన్ని పరిశీలించడం, నిజంగా జరుగుతుందా అన్నదే. పదోన్నతులకు ఏ సూచికలు చెల్లుతాయో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి, సీనియర్ల మాట మీద కాకుండా తాజా నోటిఫికేషన్ చూసి నిర్ణయించుకోండి.

ఇక అసలు ప్రశ్న. థీసిస్‌ను కుదించాలని కూర్చుంటే చేతికి వచ్చేది పొట్టి థీసిసే. మీరు ఎంత చదివారో, ఎంత కష్టపడ్డారో పరీక్షకులకు తెలియాలని థీసిస్ రాస్తాం. ఒక్క ప్రశ్నకు దొరికిన జవాబును ముక్కూ మొహం తెలియని డాక్టరు కూడా నమ్మగలిగేలా పేపరు రాయాలి. నా థీసిస్ గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవారి ఊపిరితిత్తుల పనితీరు మీద. టిక్కీలు మోసే హమాలీలు, తొడాలు తీసే ఆడవాళ్ళు, వాళ్ళ దగ్గు, తుమ్ములు, కళ్ళమంట, చర్మంమంట, పొగతాగే అలవాటు, ఆదాయం, ముఖానికి కట్టుకునే గుడ్డ, ఇలా అన్నిటి మీదా కలిపి ఇరవై మూడు పట్టికలు వేశాను. పేపరు రాయడానికి కూర్చున్నప్పుడు మా గైడు గారు ఆ బైండు పుస్తకాన్ని మూసి పక్కన పెట్టి, "నీకు తెలిసింది ఒక్క వాక్యంలో చెప్పు" అన్నారు. పావుగంట తడబడి చివరికి, యార్డులో పనిచేసిన ఏళ్ళు పెరిగేకొద్దీ మొదటి సెకనులో ఊదగలిగే గాలి పరిమాణం తగ్గుతోందని చెప్పాను. ఆ వాక్యానికి అవసరం లేని పట్టికలన్నీ తీసేయమన్నారు. ప్రాణం ఒప్పలేదు గాని, నాలుగు మిగిలాయి. మిగతా వాటిని ఒక్కొక్కటిగా నాలుగైదు పేపర్లు చేద్దామన్న ఆలోచన మీకూ వస్తుంది. ఒకే అధ్యయనాన్ని అలా ముక్కలు చేయడాన్ని ఎడిటర్లు సహించరు.

రాయడం పరిచయంతో మొదలుపెట్టకండి. ముందు పట్టికలు ఖరారు చేసుకుని, తర్వాత మెథడ్స్ (అధ్యయనం ఎలా చేశామో చెప్పే భాగం), ఫలితాలు, చర్చ, ఆపైన పరిచయం, అన్నిటికన్నా చివర సారాంశం రాయడం నాకు కుదిరిన పద్ధతి. వీటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది మెథడ్స్ మీద. స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష గురించి థీసిస్‌లో నేను "స్పైరోమెట్రీ ప్రామాణిక పద్ధతిలో చేయబడింది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. రివ్యూయర్ దాన్నే పట్టుకున్నారు: ఒక్కొక్కరి చేత ఎన్నిసార్లు ఊదించారు, ఏ పరీక్షను సరైనదిగా లెక్కించారు, యంత్రాన్ని ఎప్పుడెప్పుడు క్యాలిబ్రేట్ చేశారు (కొలత సరిచూశారు), పని మొదలుపెట్టక ముందా, పని ముగిశాకా? కనీసం మూడు సరైన ఊదుళ్ళు ఉండాలనీ, వాటిలో మెరుగైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదనీ నియమం ఉంది. మేము పాటించాం కూడా, కాని రాయలేదు. రాయనిది చేయనట్టే లెక్క. ఆయనే మరో ప్రశ్న అడిగారు: టిక్కీ అంటే ఏమిటి? మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాట గనుక దానికి వివరణ అవసరమని తట్టనే లేదు. ఎండుమిర్చి నింపిన గోనె బస్తా అని, దాని సుమారు బరువుతో సహా రాయవలసి వచ్చింది. యార్డుకు సరుకు ఉధృతంగా వచ్చే నెలల్లో కొలిచారా, వేసవి సెలవుల తర్వాత కొలిచారా అన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. రెండు కాలాల కొలతలూ కలిసిపోయాయని పరిమితుల పేరాలో ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు ఎవరూ తప్పుపట్టలేదు.

ఇటువంటి ప్రశ్నలు ముందే ఊహించడానికి చెక్‌లిస్టులు ఉన్నాయి. మీ అధ్యయనం పరిశీలనాత్మకమైతే స్ట్రోబ్, రోగులకు చికిత్సలను లాటరీ పద్ధతిలో కేటాయించిన ట్రయల్ అయితే కన్సార్ట్, రోగనిర్ధారణ పరీక్ష కచ్చితత్వం మీదైతే స్టార్డ్, ఒక్క రోగి కథనమైతే కేర్. ఇవన్నీ ఈక్వేటర్ నెట్‌వర్క్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. స్ట్రోబ్‌లో ఉన్నవి 22 అంశాలే. ఒక్కొక్క అంశం మీ వ్యాసంలో ఏ పేజీలో ఉందో పెన్సిలుతో రాసుకుంటూ వెళ్తే, ఖాళీగా మిగిలిన గడులే రేపు రివ్యూయర్ అడగబోయే ప్రశ్నలు.

అంకెల విషయంలో నా పరువు తీసిన సంగతి ఒకటి చెప్పాలి. సారాంశంలో 118 మంది అని రాశాను, మొదటి పట్టికలో 120 మంది ఉన్నారు. ఇద్దరు పెద్దవయసు హమాలీలు ఎంత ప్రయత్నించినా మూడుసార్లు సరిగ్గా ఊదలేకపోయారు. వాళ్ళను విశ్లేషణలోంచి తీసేసి, ఆ మాట ఎక్కడా చెప్పకుండా ఒకచోట కలిపి, మరొకచోట తీసి రాశాను. అదే పట్టిక చివరి గడిలో "పీ = 0.000" అని కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ అలా చూపింది గనుక బ్రాడీపేటలో డీటీపీ చేసిన అబ్బాయి అలాగే ఎక్కించాడు, నేను అలాగే సంతకం పెట్టాను. నిజంగా సంబంధం లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యతే పీ విలువ. అది ఎప్పుడూ సున్నా కాదు, 0.001 కన్నా తక్కువ అని రాయాలి. పంపే ముందు సారాంశం, వ్యాసం, పట్టికలు మూడూ పక్కపక్కన పరిచి, ప్రతి అంకె మీదా వేలు పెట్టి సరిచూడండి. ఆ పని మీ స్నేహితుల చేత చేయిస్తే ఇంకా మంచిది. అలాగే, ఒక్కసారి కొలిచి వదిలిన అధ్యయనంలో "మిరప ఘాటు వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి" అని రాయకూడదు, సంబంధం కనిపించిందని మాత్రమే రాయాలి. నా పేపరు మొదటి జర్నల్ గడపలోనే వెనక్కి రావడానికి ఎక్కువ కారణం ఆ ఒక్క క్రియాపదమే.

ఎథిక్స్ కమిటీ అనుమతి సంఖ్య, తేదీ, ఎవరి నుంచి ఏ భాషలో అంగీకారపత్రం తీసుకున్నారన్నదీ వ్యాసంలో ఉండాలి. అనుమతి తేదీ మొదటి రోగిని చేర్చుకున్న తేదీకి ముందుదై ఉండాలి. ఇది తర్వాత దిద్దుకోగలిగే విషయం కాదు. మీది ఏదైనా చికిత్సను పరీక్షించిన థీసిస్ అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ) రిజిస్ట్రేషన్ సంఖ్య అడుగుతారు. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ మొదటి రోగిని చేర్చుకోకముందే ట్రయల్ నమోదు చేయాలి. రోగి ఫొటో వాడుతుంటే కళ్ళ మీద నల్లపట్టీ వేస్తే చాలనుకోవడం మనలో బాగా పాతుకుపోయిన అలవాటు. అది చాలదని అంతర్జాతీయ వైద్య జర్నల్ ఎడిటర్ల కమిటీ స్పష్టంగా చెప్పింది. మనిషి ఎవరో గుర్తుపట్టే అవకాశం ఉంటే రాతపూర్వక అంగీకారం ఉండవలసిందే.

ఆ కమిటీ 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు ఎడిటర్లు కలుసుకోవడంతో మొదలైంది. మనం రెఫరెన్సులకు వరుస సంఖ్యలు వేసే వాంకూవర్ పద్ధతికి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. రచయితలుగా ఎవరి పేర్లు ఉండాలన్నదానికి వారు పెట్టిన షరతులు నాలుగు: అధ్యయన రూపకల్పనలోనో సమాచార సేకరణలోనో విశ్లేషణలోనో చెప్పుకోదగిన పాత్ర, వ్యాసం రాయడంలోనో దిద్దడంలోనో పాలు, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీతనం. నాలుగూ ఉంటేనే రచయిత. ఇది కాగితం మీద ఎంత తేలికో, డిపార్టుమెంటులో అంత కష్టం. ఒకసారి స్పైరోమీటరును కూడా చూడని ఒక పెద్దాయన పేరును రెండో స్థానంలో చేర్చమని నాకు మాట వచ్చింది. ఎదిరించే ధైర్యం లేక, జర్నల్ వారి ఫారంలో ఒక్కొక్క రచయిత ఏ పని చేశారో రాయాలనీ, ఆయన భాగం ఆయనే పూరించి సంతకం చేయాలనీ చెప్పి కాగితం ఆయన ముందు పెట్టాను. రెండు రోజుల తర్వాత కృతజ్ఞతల్లో పేరు ఉంటే చాలన్నారు. మీకూ ఆ ఇబ్బంది ఎదురైతే ఆ ఫారమే మీకు అండ. ఎవరి పేరు ఎక్కడన్నది మాత్రం రాయడం మొదలుపెట్టక ముందే గైడు గారితో మాట్లాడి తేల్చుకోండి.

పంపడం విషయంలో, జర్నల్ ఎంచుకున్నాక వారి సూచనలు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. పదాల పరిమితి, సారాంశం ఆకృతి, పట్టికల సంఖ్య జర్నల్ జర్నల్‌కూ మారుతుంది. రివ్యూయర్‌కు రచయితలు తెలియకూడదన్న జర్నల్ అయితే పేర్లు, కాలేజీ ఉన్న మొదటి పేజీ వేరే ఫైలుగా వెళ్ళాలి. నేను మొదటి పేజీ వేరు చేశాను గాని, మెథడ్స్‌లో ఎథిక్స్ కమిటీ పక్కన కాలేజీ పేరు వదిలేశాను. దిద్ది పంపితే, వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో నా పేరు ఉందని మళ్ళీ తిప్పి పంపారు. కీవర్డులను అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వాడే మెష్ పదాల జాబితాలోంచి ఎంచుకోండి. రెఫరెన్సులను అమర్చే సాఫ్ట్‌వేర్ జొటేరో ఉచితంగా దొరుకుతుంది. ఒకటి మధ్యలో చేరిస్తే మిగతా నలభై సంఖ్యలూ అదే మార్చుకుంటుంది. థీసిస్‌లోని వాక్యాలనే తెచ్చి అతికిస్తే సారూప్యత తనిఖీలో దొరుకుతాయి కాబట్టి కొత్తగా రాయండి, ఇది థీసిస్ ఆధారంగా రాసినదని కవరింగ్ లెటర్‌లో చెప్పండి. ఏఐ సహాయం తీసుకుంటే అదీ చెప్పాలి. దాన్ని రచయితగా మాత్రం చూపకూడదు. ఒకే వ్యాసం ఒకే సమయంలో రెండు జర్నళ్ళకు పంపకండి.

తర్వాత ఎదురుచూపులు. నాకు ఐదు నెలలు పట్టింది, ఇద్దరు రివ్యూయర్ల నుంచి మొత్తం పంతొమ్మిది ప్రశ్నలు వచ్చాయి. మొదటిరోజు కోపం వస్తుంది, ఆ రోజు జవాబు రాయకండి. ప్రతి ప్రశ్ననూ ఉన్నదున్నట్టు కాపీ చేసి, దాని కింద మీ జవాబు, వ్యాసంలో ఎక్కడ ఏం మార్చారో పేజీ, వరుస సంఖ్యలతో రాయండి. ఒప్పుకోలేని చోట మర్యాదగా కారణం చెప్పవచ్చు. పంతొమ్మిదింటిలో రెండింటికి నేను అలాగే చెప్పాను, ఎడిటర్ అంగీకరించారు.

అంగీకరించాక ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రతి) వస్తుంది, సాధారణంగా రెండు మూడు రోజుల గడువుతో. అందులో ముందుగా మీ పేరు చూసుకోండి. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళ లెక్కలో చివరి మాటే ఇంటిపేరు. భాస్వరాన్ని కొలిచే పద్ధతి మీద ఫిస్క్‌తో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ప్రచురించిన పేపరును ఇప్పుడు వెతికినా, సుబ్బారావు అన్నదే ఇంటిపేరై, యల్లాప్రగడ ఒక్క 'వై' అక్షరంగా మిగిలి కనిపిస్తుంది. నా పేరు మొదటి పేపరులో ఒక విధంగా, రెండో దానిలో మరో విధంగా అచ్చయి, ఇద్దరు మనుషులుగా నమోదైంది. కాబట్టి సబ్మిషన్ పోర్టల్‌లో ఖాతా తెరిచే రోజే ఏ మాటను ఇంటిపేరు గడిలో రాయాలో నిర్ణయించుకుని, పరిశోధకులను ఒక్కొక్కరినీ విడిగా గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ సంఖ్య తీసుకుని, ఇకపై ప్రతి పేపరులోనూ అదే వరుస, అవే అక్షరాలు వాడండి.